కుర్చీలు ముందు వరసలో వేయండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: జూన్ 21 యోగా దినోత్సవం ఊపులో కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉచిత యోగా క్లాసు మొదలుపెట్టారు. మొదటి వారం 40 మంది వచ్చారు, ఇప్పుడు 12 మంది మిగిలారు, వాళ్లంతా ఒళ్లు బాగా వంగేవాళ్లే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, వీల్‌చైర్‌లో వచ్చే ఒకాయన, రెండు మూడు ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు మానేశారు. వీళ్ల కోసం విడిగా ‘ఈజీ బ్యాచ్’ పెట్టాలా అని అడిగారు.

పెట్టకండి. నాలుగు రోజుల్లో దానికి ‘పేషెంట్ల బ్యాచ్’ అని పేరు పడుతుంది, ఆ పేరు పడ్డాక ఎవరూ రారు. ఇప్పుడున్న క్లాసులోనే వెనక గోడ పక్కన రెండు కుర్చీలు వేసి ‘మీకు చేతనైనంత చేయండి’ అనడం కూడా అలాంటిదే. అక్కడికి టీచర్ కనపడరు, ఫ్యాన్ల హోరులో మాట వినపడదు. సగం క్లాసు నేల మీద జరుగుతుంటే వాళ్లిద్దరూ చూస్తూ కూర్చోవాలి. మార్చాల్సింది నేర్పే వరస. ప్రతి ఆసనం ముందు కుర్చీలో నేర్పండి, మీరూ కుర్చీలో కూర్చునే చూపించండి, అందరి చేతా అదే చేయించండి. మూడు నాలుగు శ్వాసలయ్యాక ‘కిందికి దిగాలనుకునేవాళ్లు దిగొచ్చు’ అనండి. అలా నేర్పితే కుర్చీలో ఉన్నవాళ్లు అసలు ఆసనంలోనే ఉన్నట్టు లెక్క, కింద ఉన్నవాళ్లు దాని పైమెట్టు చేస్తున్నట్టు. బాగా వంగేవాళ్లకు పోయేదేమీ లేదు. తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి, నేల మీద కూర్చుంటే నడుము గూనిలా వంగే కుర్రాళ్లకు కూడా వెన్ను నిటారుగా నిలవడం కుర్చీలోనే తేలిగ్గా వస్తుంది.

కుర్చీలో చేస్తే యోగా ఎలా అవుతుందని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి చెప్పింది స్థిరంగా, సుఖంగా ఉండాలనే. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగా గ్రంథంలో స్వాత్మారాముడు యువకులు, వృద్ధులు, అతివృద్ధులు, రోగులు, బలహీనులు ఎవరైనా బద్ధకించకుండా సాధన చేస్తే సిద్ధి పొందుతారని రాశాడు. ఇటుకలు, బెల్టులు, కుర్చీలు పెట్టి ఆసనం చేయించే పద్ధతిని యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ పుణెలో ఏళ్ల తరబడి పెంచి పోషించారు. కాబట్టి ఆ వాదనకు అంతకంటే సమయం ఇవ్వనక్కర్లేదు.

ఇక కుర్చీ సంగతి. చేతులున్న మామూలు ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. పక్కకు తిరగనివ్వదు, నున్నటి టైల్స్ మీద జారుతుంది, బరువైన మనిషి అంచున కూర్చుంటే కాళ్లు విచ్చుకుంటాయి. చేతులు లేని ఇనప కుర్చీ కావాలి, సీటు ఎత్తు 17, 18 అంగుళాలు ఉండాలి. మడత కుర్చీ అయితే సీటు వెనక అంచు మీద బరువు పడితే మడుచుకుపోయేదేమో ముందే మీరు కూర్చుని చూడండి. ఆఫీసుల్లో వాడే, కింద చక్రాలున్న కుర్చీలు అసలొద్దు. ప్రతి కుర్చీ వీపు గోడకు ఆనాలి, లేదా నాలుగు కాళ్లూ రబ్బరు యోగా మ్యాట్ మీద ఉండాలి. కూర్చుంటే పాదం మొత్తం నేలకు తగలాలి. పొట్టిగా ఉన్నవాళ్లకు తగలదు, వాళ్ల పాదాల కింద ఇటుకలు పెట్టండి. కాళ్లు వేలాడుతుంటే పది నిమిషాల్లో తిమ్మిరి, నడుం నొప్పి మొదలవుతాయి. ‘కుర్చీలో కూడా నా వల్ల కాలేదు’ అనేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే.

మిగతా సామాను కొనక్కర్లేదు. 9 అంగుళాల మామూలు ఇటుకకు రెండు పొరల కాగితం చుట్టి పైన గుడ్డ కుట్టేస్తే యోగా బ్లాక్ తయారు. బెల్టుకు బదులు పాత నూలు చున్నీ. బోల్‌స్టర్‌కు (ఒరగడానికి వాడే పొడవాటి దిండుకు) బదులు గట్టిగా చుట్టిన బొంతకు రెండు చోట్ల తాడు కట్టండి. నేల మీద కూర్చునేవాళ్లకు ఇంట్లో ఉండే పీట మీద మడిచిన దుప్పటి వేస్తే మంచి ఎత్తు వస్తుంది. కొత్త మ్యాట్ కొనుక్కోనిదే రాకూడదేమో అనుకుని ఆగిపోయేవాళ్లుంటారు. కుర్చీలో చేసేవాళ్లకు మ్యాట్ అవసరం లేదని, చాప గానీ జంపకానా గానీ తెచ్చుకుంటే చాలని నోటీసులోనే రాయండి.

ఆసనాలకు మీరు కేంద్ర ఆయుష్ శాఖ వాళ్ల కామన్ యోగా ప్రోటోకాల్ వాడుతున్నానన్నారు. మంచిదే, సుమారు 45 నిమిషాల క్రమం అది. కానీ యథాతథంగా చేయిస్తే మీరు చెప్పినవాళ్లు సగం దారిలోనే ఆగిపోతారు. ఎక్కడెక్కడ ఆగుతారో, అక్కడ ఏం చేయాలో చెప్తాను.

నిటారుగా నిలబడి చేతులు పైకి చాపే తాడాసనంలో మడమలు లేపమనగానే పెద్దవాళ్లు తూలుతారు. మడమలు లేపించకండి, వీపు గోడకు ఆనించి చేతులు మాత్రం పైకి చాపమనండి. భుజం పట్టేసిన వాళ్లు వేళ్లు పెనవేసి ముఖం ఎత్తు వరకు లేపితే చాలు. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో పాదం తొడ మీదికి ఎక్కించక్కర్లేదు. బొటనవేలు నేల మీదే ఉంచి, మడమను రెండో కాలి చీలమండకు ఆనించి, ఒక చేతి వేళ్లు గోడకు తాకించి నిలబడమనండి. పాదాన్ని మోకాలి పక్కన మాత్రం ఎవరి చేతా పెట్టించకండి, అక్కడ అది మోకాలిని పక్కకు తోస్తుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అరికాళ్లలో స్పర్శ తగ్గి, దూది మీద నిలబడ్డట్టు ఉంటుంది. వాళ్లు నిలబడి కళ్లు మూస్తే పడిపోవచ్చు. అందుకే నిలబడి చేసే ఏ ఆసనంలోనూ కళ్లు మూయమని అనకండి.

నిలబడి ముందుకు వంగి చేతులతో పాదాలు అందుకునే పాదహస్తాసనం ఎక్కువ ఇబ్బంది పెట్టేది. తల కిందికి వెళ్తుంది కాబట్టి అదుపులో లేని బీపీ, గ్లకోమా (కంటి ప్రెషర్), రెటీనా సమస్యలున్నవాళ్లకు వద్దు. వెన్ను గుండ్రంగా వంగుతుంది కాబట్టి డిస్క్ జారినవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు కూడా వద్దు. అందరి చేతా సగం వంపే చేయించండి: కుర్చీ వీపును నడుము ఎత్తులో రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి అడుగులేసి, చేతులు, వెన్ను, తుంటి ఒకే గీతలోకి వచ్చాక ఆగాలి. మోకాళ్లు కొంచెం వంచుకోవచ్చు. కాళ్లు ఎడం చేసి పక్కకు వంగే త్రికోణాసనంలో చేతిని నేలకు కాకుండా కుర్చీ సీటుకు ఆనించమనండి. తల పైకి తిప్పొద్దు, ఎదురుగా చూడాలి. నిలబడి వెనక్కి వంగే అర్ధచక్రాసనంలో మెడ వెనక్కి వాల్చితే కళ్లు తిరుగుతాయి, ఛాతీ పైకెత్తడంతో ఆపేయండి.

కూర్చునే ఆసనాల్లో మొదటి అడ్డంకి మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు, మోకాళ్లు బాగా అరిగినవాళ్లు అది వేయకూడదు. ‘మెల్లమెల్లగా అలవాటవుతుంది’ అని బలవంతపెడితే వాపుతో ఇంటికి పోతారు, మళ్లీ రారు. వాళ్లకు కుర్చీలో నిటారుగా కూర్చోవడమే వజ్రాసనం. నొప్పి కొద్దిగానే ఉన్నవాళ్లు మోకాలి మడత లోపల చుట్టిన తువ్వాలు పెట్టుకుని చూడొచ్చు. అరికాళ్లు కలిపి కూర్చునే భద్రాసనంలో మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తున్నాయంటే కింద ఎత్తు చాలట్లేదని అర్థం, ఇంకో మడత దుప్పటి వేయండి. కూర్చుని ముందుకు వంగే శశాంకాసనానికి ఎదురుగా రెండో కుర్చీ వేసి, దాని మీద దిండు పెట్టి, ముంజేతులు మడిచి వాటి మీద నుదురు ఆనించమనండి. తల గుండె కంటే కిందికి పోకుండా దిండ్లు ఎత్తు పెంచండి. నడుము పక్కకు తిప్పే వక్రాసనం కుర్చీలో ఇలా: కుర్చీ మీద పక్కకు తిరిగి కూర్చుని, కుర్చీ వీపు వైపు శ్వాస వదులుతూ తిరిగి, రెండు చేతులతో దాన్ని పట్టుకోవాలి. చేత్తో లాక్కుంటూ ఇంకా తిరిగితే నడుం పట్టేస్తుంది. ఎంత తిరిగితే అంతే, అక్కడ నాలుగు శ్వాసలు. ఎముకలు గుల్లబారినవాళ్లు ఛాతీ కాస్త తిప్పి ఆపేయాలి. మోకాళ్ల మీద నిలిచి వెనక్కి వంగే ఉష్ట్రాసనానికి సీటు వెనక అంచులు పట్టుకుని ఛాతీ ఎత్తితే చాలు.

బోర్లా పడుకుని ఛాతీ ఎత్తే భుజంగాసనం గోడ దగ్గర బాగా వస్తుంది. గోడకు మూరెడు దూరంలో నిలబడి, ఛాతీ ఎత్తులో అరచేతులు ఆనించి, మోచేతులు పక్కలకు దగ్గరగా ఉంచి ఛాతీ ముందుకు తేవాలి. బోర్లా పడుకోలేని గర్భిణులకు, పెద్ద పొట్ట ఉన్నవాళ్లకు కూడా ఇది కుదురుతుంది. వెల్లకిలా పడుకుని చేసే ఉత్తానపాదాసనంలో రెండు కాళ్లూ ఒకేసారి లేపితే నడుం మీద భారం పడుతుంది. ఒక మోకాలు మడిచి, రెండోది మాత్రం లేపించండి. కుర్చీలో ఉన్నవాళ్లు ఒక కాలు ముందుకు చాపి మడమ రెండు అంగుళాలు లేపి ఐదు లెక్కపెట్టి దించాలి. తొడ ముందు కండరం బలపడితే మోకాలి నొప్పి తగ్గడానికి సాయపడుతుంది కాబట్టి దీన్ని రోజూ ఒక్కో కాలికి 8 సార్లు చేయించండి. పైకి చిన్నదిగా కనపడే ఈ ఒక్కటే మానేసిన పెద్దవాళ్లను తిరిగి తెస్తుంది.

పొట్టను లోపలికి లాగుతూ గాలిని వేగంగా బయటికి వదిలే కపాలభాతి మీద టీవీ ప్రభావం ఎక్కువ, అది చేయకపోతే క్లాసు అవలేదనుకుంటారు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ, తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈ మధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు చేయకూడదు. అంతమందిని పేరుపేరునా పక్కన కూర్చోబెట్టేకంటే సామూహిక క్లాసులోంచి తీసేయడమే మేలని నా అభిప్రాయం. ఆ సమయంలో నాలుగు లెక్కల్లో తీసుకుని ఆరు లెక్కల్లో వదిలే శ్వాస చేయించండి. ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి శ్వాసించే నాడీశోధనలో శ్వాస బిగబట్టడం వద్దు. చేయి ముక్కు దగ్గర నిలవనివాళ్లు మోచేతి కింద దిండు పెట్టుకోవచ్చు.

కిందికి దిగడం, పైకి లేవడం ఎవరూ నేర్పరు. నేల మీద క్లాసు అంటే పెద్దవాళ్లు వెనకాడేది మాత్రం దీనికే. ముందు పక్కకు ఒరగాలి. అరచేతులు, మోకాళ్ల మీదికి వచ్చి కుర్చీకి ఎదురుగా చేరాలి. రెండు చేతులూ సీటు మీద పెట్టి, బలమైన కాలి పాదం ముందుకు వేసి, చేతులతో నొక్కుతూ లేచి, తిరిగి కూర్చోవాలి. దిగడం దీనికి తిరగేసిన వరస. లేచాక ఒక నిమిషం కూర్చునే ఉండాలి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు లేవగానే కళ్లు బైర్లు కమ్మొచ్చు. మోకాలు ఆనించలేనివాళ్లను నేల మీదికి దించొద్దు. చివర పడుకుని విశ్రాంతి తీసుకునే శవాసనం వాళ్లకు కుర్చీలోనే, కాళ్లు ఇంకో కుర్చీ మీద పెట్టి. గర్భిణులకు ఐదో నెల దాటాక వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు, మోకాళ్ల మధ్య దిండు.

చేరేటప్పుడు అడగాల్సినవి: బీపీ, గుండె జబ్బు, షుగర్ మందులు లేదా ఇన్సులిన్, ఆర్నెల్లలోపు ఆపరేషన్లు, కంటి ప్రెషర్, హెర్నియా, తల తిరగడం, కీళ్లు, గర్భం. మైకులో ‘బీపీ ఉన్నవాళ్లు చేతులెత్తండి’ అంటే ఒక్క చేయీ లేవదు. పక్కకు పిలిచి అడగండి, చదవడం రానివాళ్లకు మీరే రాయండి. షుగర్ మాత్రలో ఇన్సులినో తీసుకుని పొద్దున ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లకు చెమటలు, వణుకు, తికమక కనపడితే వెంటనే ఆపించి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. గ్లూకోమీటర్ ఉంటే 70 కంటే తక్కువ చూపిస్తుంది. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, ఆ లక్షణాలు తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి అన్నా 108కే. ‘గ్యాస్ అయ్యుంటుంది, వజ్రాసనం వేయండి’ అనే సలహా మీ హాల్లో వినపడకూడదు.

వీల్‌చైర్ ఆయన విషయానికి వస్తే, ముందు హాలు గుమ్మం చూడండి. ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల వాలు ఉండాలి. అంటే 6 అంగుళాల మెట్టుకు 6 అడుగుల ర్యాంపు. రెండడుగుల చెక్క పడేసి ర్యాంపు అంటే మనిషి వెనక్కి పడతాడు. తలుపు మూడడుగుల వెడల్పు, లోపల తిరగడానికి ఐదడుగుల చోటు కావాలి. క్లాసులో బ్రేకులు వేయించండి. ముందుకు వంగే ముందు పాదాలు ఫుట్‌రెస్ట్ మీద సరిగ్గా ఉన్నాయో లేదో అడగండి. కాళ్లలో స్పర్శ లేనివాళ్లకు బెల్టు బిగించకండి, ఒరుసుకున్నా తెలియదు. మధ్యమధ్య చేతులతో నొక్కి సీటు మీంచి బరువు లేపుకోవడానికి ఆగండి, లేదంటే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఆయన కుర్చీని ఆయన అడగకుండా తోయకండి.

చూపు లేనివాళ్లు వస్తే ‘ఇలా, అలా’ అనే మాటలు పనికిరావు. ‘కుడి అరచేయి ఎడమ మోకాలి మీద’ అని చెప్పాలి. ఇలా చెప్పడం అలవాటైతే వెనక వరసకీ మేలే. మ్యాట్ ముందు అంచు కింద పురికొస పెట్టి పైన టేపు అంటిస్తే పాదానికి హద్దు తెలుస్తుంది. చెవుడు ఉన్నవాళ్లకు ముందు ఆసనం మొత్తం చూపించి, తర్వాత చేయించండి. వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి. శవాసనం అయిపోయిందని లైటు వేసి చెప్పాలని ముందే అనుకోండి.

లావుగా ఉన్నవాళ్లు మానేయడానికి ఆసనాల కంటే మాటలే ఎక్కువ కారణం. ‘ఆ పొట్ట తగ్గితే వంగుతారు’ అనడం ఆపండి, ముందు వరస వాళ్లతోనూ ఆపించండి. ముందుకు వంగేటప్పుడు పాదాలు తుంటి కంటే వెడల్పుగా పెడితే పొట్టకు చోటు దొరుకుతుంది, శ్వాస ఆడుతుంది. బరువు తగ్గించే క్లాసు అని ఎక్కడా రాయకండి. చేయి వేసి సరిచేయడం ఎవరి విషయంలోనైనా అడిగాకే. ఆడవాళ్ల దగ్గర మగ టీచర్ మాటతోనే సరిచేస్తే మంచిది. చీరతో వచ్చినా ఇబ్బంది లేకుండా కాళ్లు పైకెత్తేవి కుర్చీలో చేయించండి. వీధి వైపు తెరిచి ఉండే కిటికీకి తెర వేయండి. బురఖా, హిజాబ్‌తో వచ్చినా కుర్చీ ఆసనాలన్నీ కుదురుతాయి.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు ఎందుకు మానేశాయో అడగలేదన్నారు. ముందు అడగండి, మీరు అనుకుంటున్న కారణం కాకపోవచ్చు. ప్రార్థనే కారణమైతే మొదటి రెండు నిమిషాలు మౌనంగా శ్వాస గమనించడంతో మొదలుపెట్టండి. ఓంకారం కావాలనేవాళ్లు క్లాసు అయ్యాక ఉండి చేసుకోవచ్చు. సూర్యనమస్కారాలు ప్రోటోకాల్‌లో లేనే లేవు కాబట్టి అవి లేకపోతే క్లాసు కొరతపడదు. అందరిదీ అయిన హాల్లో ముందు గోడకు దేవుడి పటం పెట్టి ‘ఇష్టం లేకపోతే దండం పెట్టకండి’ అనడం కుదరదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్లకు చెమట పట్టే ఆసనాలు తగ్గించండి. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేవాళ్లుంటే సెలవు ఆ రోజుకు మార్చితే సరి.

పొద్దున ఐదున్నర బ్యాచ్‌లో ఇంట్లో టిఫిన్లు, బాక్సులు సర్దే ఆడవాళ్లు ఉండలేరు. పారిశుద్ధ్య కార్మికులు అప్పటికే రోడ్డు మీద ఉంటారు. సాయంత్రం నాలుగున్నరకో, పొద్దున పదిన్నరకో వారానికి మూడు రోజులు ఇంకో క్లాసు పెట్టండి, అందులోనూ ఇదే క్రమం. తేలిక టిఫిన్ తిన్నాక రెండు గంటలు, భోజనమైతే నాలుగు గంటల వరకు ఆగమనండి. ‘కాలనీ వాసులకు మాత్రమే’ అని నోటీసులో ఉంటే తీసేయండి. వాచ్‌మన్ కుటుంబం, ఇళ్లలో పనిచేసేవాళ్లు అది తమకు కాదనే చదువుకుంటారు. వాళ్లు వచ్చినప్పుడు కుర్చీ అందరికీ వేసిన వరసలోనే వేయాలి.

వచ్చే సోమవారం నుంచి అంతా మార్చాలని చూడకండి. రెండు వారాలు ఆరు ఆసనాలతో నడపండి: తాడాసనం, కుర్చీ పట్టుకుని సగం వంపు, వక్రాసనం, గోడ భుజంగాసనం, కాలు లేపడం, శశాంకాసనం. కీళ్లు కదపడానికి 8 నిమిషాలు, ఆసనాలకు 20, శ్వాసకు 7, శవాసనానికి 7. మిగిలే మూడు నిమిషాలు ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చిందో అడిగి రాసుకోండి. మానేసినవాళ్లకు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే రారు. ఇంటికి వెళ్లి ‘మీకు కుర్చీ వేసి ఉంచాం, నేల మీద కూర్చోనక్కర్లేదు’ అని చెప్పండి.